చాటెడు గాజుపెంకులు

పదో తరగతి పాసైన ఏడాది బహదూర్‌పురా నుంచి అఫ్జల్‌గంజ్ వెళ్లే బస్సులో, రెండు కాలేజీల దరఖాస్తులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఏదో ఒకటి ఆ రోజే ఇచ్చేయాలి. వెనక నిలబడ్డ నాన్న, ఎత్తయిన స్తంభాలున్న పెద్ద కాలేజీనే ఖాయం చేశారు.

పక్కన కూర్చున్న నడివయసు ఆవిడ కాగితాలకేసి చూసి, "ఏ కాలేజి బిడ్డా?" అంది. సైన్సు చదవాలని ఉందంటూ రెండు పేర్లూ చెప్పాను.

"రెండిట్లా ఊడ్చిన. గా పెద్దదాంట్ల ల్యాబు సామాన్ల మీద దుమ్మే దుమ్ము. రెండేండ్లల్ల ఒక్క సీసా పగల్లే. ఇప్పుడు చేసే చిన్నదాంట్ల దినాం చాటెడు గాజుపెంకులు ఎత్తుత. పిల్లలు చెయ్యి పెడితేనే గద పగిలేది?"

అరచెయ్యి చాపింది. వేళ్ల నిండా సన్నని గాట్లు. అప్పటిదాకా మేష్టార్లూ చుట్టాలూ ఎన్నో సలహాలిచ్చారు. చదువు ఎక్కడ జరుగుతోందో ఇంత తేటగా ఒక్కరూ చెప్పలేదు.

"నాకు అచ్చరం ముక్క రాదు. నువ్వు పోయి నీ కండ్లతోటి సూడు," అంటూ ఆవిడ మదీనా దగ్గర దిగిపోయింది. ఆవిడ పేరైనా నేను అడగలేదు.

బస్సు దిగగానే, "నాన్నా, ముందు రెండు ల్యాబులూ చూద్దాం," అన్నాను. ఆయన వింతగా చూశారు గానీ, వచ్చారు. మధ్యాహ్నానికి చిన్న కాలేజీలో దరఖాస్తు ఇచ్చాం.

ఇప్పటికీ పిల్లలు ఏ కాలేజీ మంచిదని అడిగితే, అక్కడ ఊడ్చేవాళ్లను అడగమంటాను.