ఒక్క సీసాలో ఊరంత సంసారం

ఊరంతా మిరప చేలల్లో పురుగుల్ని చంపడానికి మందులు కొడుతుంటే, యలమంద ఒక్కడే పురుగులకు జావ కాచి పోసేవాడు. చిలకలూరిపేట దగ్గర ఒక కాలేజీలో జంతుశాస్త్రం ల్యాబుకు అటెండరు. మొక్కజొన్న రవ్వ, బెల్లం, ఈస్టు ఉడికించి సీసాల్లో పోసి పళ్ల ఈగల్ని పెంచడం ఆయన ఉద్యోగం. ఏకాదశినాడు తాను పస్తున్నా వాటికి వేళ తప్పనిచ్చేవాడు కాదు.

ఆ సోమవారం విద్యార్థిని తేజశ్రీ మైక్రోస్కోపు మీంచి తలెత్తి ఏడుపుముఖం పెట్టింది. ఈగపిల్లల లాలాజల గ్రంథులు కొలిచి వచ్చే సోమవారానికి ప్రాజెక్టు ఇవ్వాలి. లేకపోతే ఏడాది పోయినట్టే. ఏ పురుగులో చూసినా గ్రంథి నూలుపోగులా ఉంది. గూడు కట్టే ముందు గాజుకు అంటుకోవడానికి ఉమ్మే జిగురు అందులో ఊరనే లేదు.

"యలమంద గారూ, బెల్లం సరిగ్గానే వేస్తున్నారా?" అంది ల్యాబు చూసే హేమశ్రీ మేడం.

"వెంకన్న సాక్షండి. పలుకు కూడా నోట్లో వేసుకోలేదు."

అది నిజమే. చెప్పనిది ఇంకోటుంది. సీసాకు యాభై గుడ్లే ఉంచి, మిగిలినవి సబ్బునీళ్లలో పారబొయ్యాలని మేడం ఆజ్ఞ. మెడలో తులసిపూసలున్నవాడు ఆ పనెలా చేస్తాడు? 'ఉన్నదాంట్లో సర్దుకుంటాయిలే' అని అన్నిటినీ ఆ సీసాల్లోకే నెట్టేవాడు.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి భార్య వెంకటరావమ్మ నారుమడిలో ఒత్తుగా మొలిచిన మిరప మొక్కల్ని పీకి పారేస్తోంది.

"పచ్చటి మొక్కలే, పాపం కదటే!"

"నీ జాలి మండ! అన్నీ ఉంచితే అన్నీ పుల్లలే. అంత జాలైతే ఇంకో మడి కట్టరాదటయ్యా?"

ఆ రాత్రి కంచం ముందు కూర్చున్న యలమందకు సీసాల్లో కిక్కిరిసిన పురుగులు గుర్తొచ్చాయి. తెల్లారి అటక మీది పచ్చడి సీసాలు ఇరవై గోనెసంచిలో వేసుకెళ్లి, మేడం ముందు చేతులు కట్టుకున్నాడు.

"గుడ్లు చంపితే పాపమని అన్నీ ఉంచేసి, నేనే పస్తులు పెట్టానండి."

మేడం తిట్టబోయి, సీసాలు చూసి ఆగింది. "కారం పోయేలా కడిగారా?"

"మూడుసార్లండి."

ఆ సీసాల్లోనూ జావ పోసి, గుడ్లను యాభైయేసి పంచాడు. ఆదివారానికి పిల్లపురుగులు బొద్దుగా గాజు గోడలెక్కాయి. తేజశ్రీ ఒకదాన్ని సూదులతో తల పట్టి లాగింది. జత గ్రంథులు జిగురుతో ఉబ్బి బయటపడ్డాయి.

"అంకుల్, ఎంత లావున్నాయో చూడండి!"

అంకుల్ అప్పటికే గుమ్మం బయట నిలబడి చెంపలేసుకుంటున్నాడు.

బుధవారం పనైపోయిన పచ్చడి సీసా ఒకటి ఇంటికి తిరిగొచ్చింది. లోపల అంటుకున్న గూళ్లను వెంకటరావమ్మ గోటితో గీకబోయింది. ఒక్కటీ కదల్లేదు.

"ఇదేం జిగురయ్యా!"

"మరేమనుకున్నావ్? మన మేపు!" అంటూ యలమంద సీసా లాక్కుని, దేవుడి గూటి పక్కన పెట్టాడు. "రెండ్రోజులాగు. అవి ఎగిరిపోయాక తోముకో."