కాపరి కాదు, చూపరి

మేవిస్ టిక్నర్ గొర్రెల కాపరి కాదు, చూపరి. ఇంగ్లండులో మా ససెక్స్ సుద్దగుట్టల మీద అదో పని. గొర్రెలు వేరే రైతువి. రోజూ పొద్దున్నే గుట్టెక్కి అన్నీ ఉన్నాయా, ఏదైనా కుంటుతోందా, వెల్లకిలా పడి లేవలేకపోతోందా అని చూసి రావడమే చూపరి పని. జీతం లేదు.

ముప్పయ్యేళ్ళు ఆసుపత్రి దుప్పట్లు ఉతికి రిటైరయ్యాక పదకొండేళ్ళు ఆ గుట్ట ఎక్కింది. నేను ఆమె వెనకే తిరిగి పని నేర్చుకున్నాను. గొర్రెల్ని జంటలుగా లెక్కపెట్టేది. అవి గడ్డిని కొరికి పొట్టిగా ఉంచితేనే ఆ పలచటి మట్టిలో చిన్న పూలు బతుకుతాయి, ఆ పూలుంటేనే నీలి సీతాకోకలొస్తాయి. ముళ్ళపొద మొలకెత్తిందంటే మేవిస్‌కి పగే. కత్తెర జేబులోనే ఉండేది.

"ఆదివారం చర్చికి రావేం మేవిస్?" అని పాస్టరుగారు ఓసారి దారిలో ఆపారు.

"ఆదివారమైతే గొర్రెలు కుంటవాండీ? నేను పోయాక చేతిలో ఇంత ఉన్ని పెట్టించండి. దేవుడికి నేనే చెప్పుకుంటా."

అది మా పాత ఆచారం. పిడికిట్లో ఉన్ని ఉంటే, పాపం మందని వదిలి చర్చికి రాలేకపోయాడని దేవుడు కాపరిని క్షమిస్తాడట.

"అది కాపరులకమ్మా. నువ్వు చూపరివి!" అని పాస్టరుగారు నవ్వారు. నేనూ నవ్వాను.

ఆమె నవ్వలేదు. గేటు దాకా వచ్చాక, "నిజమేనంటావా రూత్? నాకు తగదా?" అంది.

తర్వాత గుట్టకెళ్ళే బస్సు ఆపేశారు. ఎక్కేవాళ్ళు లేరన్నారు. రోజూ ఎక్కే మేవిస్ ఎవరూ కాదు కాబోలు! గుట్ట మీద మాత్రం కార్లు నిలిపే చోటు పెద్దది చేశారు. ఒక చలికాలమంతా నడిచే ఎక్కింది. తుంటి అరిగిపోయి మంచమెక్కింది. మరుసటేడు గుట్ట మేపినందుకు రైతుకిచ్చే నిధుల్లేవని గొర్రెల్ని లారీకెక్కించి తీసుకుపోయారు. నీలి సీతాకోక బొమ్మతో కొత్త బోర్డు పెట్టడానికి మాత్రం నిధులున్నాయి.

ఆ సంగతి ఆమెకి చెప్పలేకపోయాను.

తను పనిచేసిన ఆసుపత్రిలోనే పడుకుని, దుప్పటి అంచు నలిపి చూసి, "సరిగ్గా జాడించలేదే! ఎవరమ్మా ఉతికింది?" అంది. తర్వాత మెల్లగా, "ఎన్ని జంటలు?"

"ఇరవై నాలుగు."

"కుంటిది?"

"బానే మేస్తోంది."

"ఉన్ని సంగతి మర్చిపోకేం."

మంగళవారం పోయింది. బుధవారం నేను గుట్టెక్కాను. గడ్డి మోకాళ్ళ దాకా పెరిగింది. కారు దిగినవాళ్ళు బోర్డు పక్కన నిలబడి ఫొటోలు తీసుకుంటున్నారు. కంచె తీగంతా తడిమినా ఒక్క పోగు దొరకలేదు. చివరికి నడుమెత్తు పెరిగిన ముళ్ళపొద లోపల, మాసిపోయి, పిడికెడు కూడా లేని ఉన్ని కనిపించింది. మేవిస్ కత్తిరించకుండా వదిలే పొద కాదది. ఆమె రాలేకపోయాకే పెరిగింది. చెయ్యి గీరుకుపోయినా లాగి తెచ్చాను.

శవపేటిక మూసేముందు ఆమె వేళ్ళు విప్పి దాన్ని పెడుతుంటే పాస్టరుగారు పక్కకొచ్చి నిలబడ్డారు.

"నేను వేళాకోళానికన్నానమ్మా ఆ రోజు."

"ఆవిడకి తెలీదండీ," అన్నాను.