కలపకూడని గుండ్రాలు

తన మందలో ఒక్కరినీ మరువని దేవునికి స్తోత్రం.

ఒకరోజు చేవెళ్ల నుంచి మొయినాబాద్ వెళ్లే బస్సులో, నా పక్కనున్న అమ్మాయి కాగితం మీద గుండ్రాలు, బాణాలు గీస్తోంది.

“ముగ్గా బిడ్డా?”

నవ్వింది. “లెక్కల యంత్రం బొమ్మ అయ్యగారు. ఒక్కో గుండ్రం యంత్రం ఉండే ఒక్కో స్థితి. ఉత్త అవును, కాదు అనదు. ఎంతవరకు అవునో చెప్తది. ఒక్కతీరు జవాబిచ్చే గుండ్రాలను కలిపితే యంత్రం చిన్నగైతది.”

అంతలోనే తాను కలిపిన రెంటిని చెరిపి, వేరుగా గీసింది.

“తొందరపడ్డ. బాణం వెంబడి ఇంకో అడుగు పోయి చూస్తే జవాబులు వేరైనయి.”

ఆరాధనకు రావడం మానేసిన ఇద్దరన్నదమ్ములను ప్రభువు బల్లకు, రొట్టె ద్రాక్షారసం పంచుకునే ఆచరణకు, దూరం పెట్టాలని సంఘ కాపరిగా నేను ఒకే వాక్యంలో రాసిన తీర్మానం నా సంచిలో ఉంది. ఎందుకు రావడం లేదని వాళ్లలో ఏ ఒక్కరినీ నేను అడిగిందే లేదు.

దాన్ని సంఘంలో చదవకుండా, ముందు వాళ్ల ఇళ్లకు వెళ్లాను. తమ్ముడు ఏడ్చాడు. “మీరొస్తరనే చూస్తున్న అయ్యగారు.” అన్న తలుపు తీయలేదు.

ఆ తలుపు తెరుచుకోవాలని మీరూ నాతో కలిసి ప్రార్థించండి.