తోడికోడలి పిల్లికి కొరమీను

పచ్చకామెర్ల వాడికి లోకమంతా పచ్చగా కనిపిస్తుందట. నాకు లోకమంతా కొరమీనుగా కనిపించిన రోజుల్లో, మా ఇంటిమీదికి నేనే ఎత్తుకొచ్చిన ముప్పు ఇది. నవ్వుకోండి. మా తోడికోడలు స్వప్న ఎలాగూ మీకన్నా ముందే నవ్వేసింది.

ములకలపల్లిలో మాది ఒకటే వాకిలి, రెండు వాటాలు. మా వాటాలో మా పిల్లి చిట్టి, స్వప్న వాటాలో వాళ్ల పిల్లి రాజు. ఒకరోజు స్వప్న రాజును ఖమ్మం తీసుకెళ్లి డాక్టరుకు చూపించుకొచ్చింది. వచ్చీ రాగానే వెనకగది ఖాళీ చేసి దానికి మెత్తటి బొంత, టేబుల్ ఫ్యాను, పూటపూటా ఉడికించిన కొరమీను! మా చిట్టికేమో పెరుగన్నం.

"అక్కా, రాజుకు లుకేమియా వైరస్ ఉన్నదంట. ఎంగిలితోని అంటుకుంటదంట. చిట్టిని దీని గిన్నెల మూతి పెట్టనియ్యకు."

"పిల్లులకు ఎంగిలేంది స్వప్నా? గోడలెక్కే జాతికి మడి గూడనా?"

"మడి గాదక్కా, డాక్టర్ చెప్పిండు."

నేను నమ్మితేగా! కొరమీనులో వాటా ఎగ్గొట్టడానికి వేసిన ఎత్తు అనుకున్నాను. పైగా మా చిట్టి ఎంగిలి వాళ్ల రాజుకు పనికిరాదా? అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలి పిల్లి చేపలు తిన్నందుకు ఏడ్చిన కోడల్ని నేనొక్కదాన్నే అయ్యుంటాను.

మధ్యాహ్నం స్వప్న కునుకు తీయగానే చిట్టిని కిటికీలోంచి ఆ గదిలోకి దించాను. అలా ఐదు రోజులు. రెండూ ఒకే గిన్నెలో తిని, ఒకదాని మూతి ఒకటి నాక్కుంటుంటే కిటికీ దగ్గర నిలబడి మురిసిపోయాను.

ఆరో రోజు తలుపు తెరుచుకుంది.

"ఎంత పని చేసినవ్ అక్కా!" స్వప్న కళ్ల నిండా నీళ్లు. "రాజు ఎన్ని రోజులుంటదో తెల్వక, ఉన్నన్ని రోజులన్న మంచిగ తిననీ అని పెడుతున్న. చిట్టయినా దక్కాలెననే గదా వద్దన్న!"

ఇద్దరం కలిసి చిట్టిని బుట్టలో పెట్టుకుని ఖమ్మం బస్సెక్కాం. దారంతా దాని తల నిమురుతూ ఏడ్చాను.

"టెస్టుల ఏం లేదు గని, ఇప్పుడే తేలదమ్మా," అన్నాడు డాక్టరు. "కొన్ని వారాలకు మళ్ల చెయ్యాలె. అప్పటిదాక ఒక్కదాన్నే ఒక గదిల ఉంచుండ్రి."

మా వాటాలో తలుపున్న గది ఒక్కటే, మా పడకగది. మా ఆయన మంచం వసారాలోకి వెళ్లింది. "నీ కుళ్లుకు నన్ను దోమలకు అప్పజెప్పినవ్ గదనే!" అని రోజూ గోక్కుంటూనే తిట్టాడు. చిట్టికి మాత్రం భయంకొద్దీ కూలరు పెట్టాను. కొరమీనూ వండాను.

రెండో టెస్టులోనూ ఏమీ లేదు. టీకా వేయించి ఇంటికి తెచ్చాక స్వప్న చూడటానికొచ్చింది. చిట్టిని చూసింది, గిన్నెను చూసింది, కూలరు దగ్గర ఆగిపోయింది.

"చిట్టికి కూలరా అక్కా? మా రాజుకు ఉత్త ఫ్యానేనాయె!"

ఆ చూపు నాకు బాగా తెలిసిన చూపే. ఆమె అటు వెళ్లగానే కిటికీకి గొళ్లెం పెట్టాను.

అందుకని చిట్టి మీసాల సాక్షిగా ఒట్టు వేస్తున్నాను. ఇకమీదట ఎవరింట ఏది చూసినా, అది భోగమో రోగమో కనుక్కున్నాకే కుళ్లుకుంటాను. అసలు కుళ్లుకోనని వేయమంటారా? రాజుకు నిన్ననే కూలరు వచ్చింది. మాదానికన్నా పెద్దది.