రాత్రి ఎక్కడ పడుకున్నావు?

“మీ కన్నకూతురి ఇంట్లో మీరు పడుకుంటే, దానికి ప్రభుత్వం డబ్బెందుకివ్వాలండీ?”

ఫోనులో ఆ ప్రభుత్వాఫీసు అమ్మాయి వెటకారంగా అడగలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగింది. లెస్ ట్రెగెన్జాకు అదే చిక్కయింది. వెటకారానికైతే ఆయన దగ్గర బదులు ఎప్పుడూ సిద్ధంగా ఉండేది. పోర్ట్ కారిన్ రేవులో నలభై ఏళ్లు ఓడలకు గోధుమలెత్తిన మనిషి, మాటకు మాట అప్పజెప్పడం అక్కడే నేర్చుకున్నాడు. మర్యాదగా అడిగిన ప్రశ్నకు మర్యాదగా జవాబు చెప్పడం మాత్రం ఆయనకు చేతకాలేదు. “మరి కారులో పడుకోమంటారా?” అని ఫోను పెట్టేశాడు.

సంగతి ఇది. లెస్ భార్య డల్సీకి మూత్రపిండాలు చెడిపోయాయి. వారానికి మూడుసార్లు రక్తం శుద్ధి చేయించుకోవాలి. ఊళ్లో ఆస్పత్రి ఉంది గానీ ఆ యంత్రాలు లేవు. యంత్రాలున్న అడిలైడ్‌కు కారులో రెండున్నర గంటల దారి. అక్కడ కూతురు టెగన్ ఒక బేకరీలో పనిచేస్తోంది. అమ్మానాన్నల కోసం తన ఒంటిగది వదిలేసి రెండు గదుల ఇల్లు అద్దెకు తీసుకుంది. దూరాన్నించి వచ్చే రోగులకు రాత్రి బసకింత అని ప్రభుత్వం ఇస్తుంది. ఆ డబ్బు లెస్ ప్రతి వారం తెచ్చి టెగన్ చేతిలో పెట్టేవాడు. దానితోనే రెండో గది అద్దె గడిచేది.

ఎక్కడ బస చేశారని అడిగిన ప్రతిసారీ లెస్ “మా అమ్మాయి ఇంట్లో” అనే రాశాడు. ఏడాది దాటాక ఆఫీసులో ఎవరి కంటనో అది పడింది. రసీదు ఇచ్చే లాడ్జీలకే తప్ప చుట్టాల ఇళ్లకు బస డబ్బు చెల్లదన్నారు. ఇకముందు ఇచ్చేది లేదు, ఇచ్చింది వెనక్కి కట్టమన్నారు. లాడ్జీలో దిగి ఉంటే అంతకు రెట్టింపు సొమ్ము కిక్కురుమనకుండా ఇచ్చేవారు. లెస్ చేసిన తప్పల్లా అడిగినదానికి నిజం రాయడం.

ఆయన తిన్నగా పార్లమెంటు సభ్యుడు రస్ ఆల్డర్సన్ దగ్గరికి వెళ్లాడు. ఇరవై రెండేళ్లుగా ఆ సీటు రస్‌దే. ఆ దేశంలో సభ్యుణ్ని ఎవరూ అయ్యా అనరు. పేరు పెట్టి పిలుస్తారు, అభిమానం ముదిరితే తిడతారు. పైగా ఇద్దరూ కుర్రతనంలో ఒకే జట్టులో ఫుట్‌బాల్ ఆడినవాళ్లు. రస్ స్వయంగా టీ కలిపి ఇచ్చి, ఓపిగ్గా విన్నాడు.

“చూడు లెస్, ఆస్పత్రులు రాష్ట్రం వాళ్లవి. నేనేమో కాన్‌బెర్రాలో కేంద్ర పార్లమెంటు మనిషిని. అయినా ఆ మంత్రి నాకు బాగా తెలుసు. ఒక ఉత్తరం రాస్తా, మినహాయింపు ఇస్తారు. ఈ ఎన్నికల గోల కాస్త తెమలనీ.”

లెస్ ఇంటికొచ్చి డల్సీకి ఆ మాటే చెప్పాడు. టెగన్‌కు ఫోన్ చేసి, ఇల్లు ఖాళీ చెయ్యొద్దు, ఇంకో నెల ఎలాగోలా లాగించమన్నాడు.

ఎన్నికలు పదిహేను రోజులున్నాయనగా పత్రికలో వచ్చింది. పార్లమెంటు జరిగే రోజుల్లో సభ్యులకు కూడా రాత్రి బస డబ్బు ఉంటుంది. రస్ ఏళ్ల తరబడి అది తీసుకుంటూ, కాన్‌బెర్రాలో తన భార్య పేరున ఉన్న ఫ్లాట్‌లో పడుకున్నాడు. సభ్యుల దగ్గర రసీదు అడగరు. ఈసారి రస్ పోటీ చెయ్యడం లేదని ఊరికి ముందే తెలుసు. కొత్త సభ్యులకు లేని పాత పథకం కింద చేరినవాడు గనుక, దిగిపోయిన మర్నాటి నుంచీ బతికున్నన్నాళ్లూ పింఛను వస్తుందన్నది మాత్రం అప్పుడే తెలిసింది. బార్లో, మంగలి షాపులో, మందుల కొట్టు దగ్గర అదే మాట. ఊరు ఊరంతా భగ్గుమంది. భగ్గుమనడం ఆ ఊరికి బాగా అలవాటు. నిరుడు బస్సు రద్దు చేసినప్పుడూ భగ్గుమంది. బస్సు మళ్లీ రాలేదు.

పోలింగ్ నాడు బడి గేటు దగ్గర ఎప్పటిలాగే ఫుట్‌బాల్ క్లబ్బు వాళ్లు పెనం పెట్టారు. రొట్టెముక్కలో సాసేజ్, మీద వేయించిన ఉల్లిపాయలు. ఓటు వెయ్యకపోతే జరిమానా పడుతుంది కాబట్టి ఊరందరూ వస్తారు, వచ్చినవాళ్లందరూ తింటారు. ఆ పెనం ముందు నిలబడే హక్కు ఎన్నో ఎన్నికల నుంచి లెస్‌ది. మడతకుర్చీలో దుప్పటి కప్పుకుని డల్సీ పక్కనే కూర్చుంది. ఆమె కాళ్లు వాచి ఉన్నాయి.

కొత్త అభ్యర్థిని వెంటబెట్టుకుని రస్ వచ్చాడు. వెనకాలే టీవీ కెమెరా.

“ఉల్లిపాయలు కాస్త దండిగా వెయ్యి లెస్,” అన్నాడు, ఏమీ జరగనట్టే.

“వేస్తాలే. అది సరే గానీ, రాత్రి ఎక్కడ పడుకున్నావు రస్?”

వరసలో ఉన్నవాళ్లు గొల్లుమన్నారు. వెనకనించి ఎవరో, “వాళ్లావిణ్ని అడగవయ్యా, ఇల్లుగలావిడ ఆవిడేగా!” అన్నారు. రస్ కూడా నవ్వాడు, కానీ చెవులు ఎర్రబడ్డాయి.

“అంతా నిబంధనల ప్రకారమే లెస్. ఒక్క డాలరు కూడా అక్రమం కాదు.”

“అదేగా నా ఏడుపు. దొంగతనమైతే పోలీసులన్నా ఉండేవాళ్లు.”

రస్ రొట్టె తీసుకుని, కెమెరా కోసం ఒక ముక్క కొరికి, లోపలికి వెళ్లిపోయాడు. సాయంత్రానికి ఆ ముచ్చట దేశమంతా చూసింది. లెస్ భుజం తట్టనివాడు లేడు. క్లబ్బు వాళ్లు ఆ ప్రశ్న అచ్చేయించి టీషర్టులు కూడా అమ్మారు. బార్లో ఆ వారమంతా లెస్‌ను ఎవరూ డబ్బు తియ్యనివ్వలేదు.

డల్సీ ఒక్కతే నవ్వలేదు. ఇంటికొచ్చాక అడిగింది.

“ఉత్తరం రాశాడా?”

“ఎన్నికలయ్యాక అన్నాడుగా.”

“ఇంకేం రాస్తాడు, ముసలాడా? ఎదురుగా నిలబడ్డాడు. ఉత్తరం సంగతేమైంది అని నువ్వు అడగాల్సింది అదొక్కటే. ఊరందరి ముందూ అడిగుంటే కాదనలేకపోయేవాడు. నువ్వు జోకేశావు.”

లెస్ ఒక దిండు తెచ్చి ఆమె వాచిన కాళ్ల కింద పెట్టాడు.

ఆ సీటు మళ్లీ రస్ పార్టీయే గెలిచింది. పడీపడీ నవ్వినవాళ్లే లోపలికి వెళ్లి ఎప్పుడూ వేసే ఓటు వేసి వచ్చారు. నాయకుల్ని ఎగతాళి చెయ్యడం ఆ దేశం తన స్వేచ్ఛకు గుర్తనుకుంటుంది. పెద్దమనుషులు దాన్ని మెచ్చుకుంటూ వ్యాసాలు కూడా రాస్తారు. అది స్వేచ్ఛ కాదు, చవగ్గా దొరికే నొప్పిమాత్ర. మింగిన గంటసేపు హాయిగా ఉంటుంది. ఈ మాట జీతం పుచ్చుకునే ఆ నాయకులకు అందరికంటే బాగా తెలుసు. అందుకే వాళ్లూ మనతో కలిసి నవ్వుతారు.

లెస్ ఫోన్లు చేశాడు. రస్ ఆఫీసు మూసేశారు. కొత్త సభ్యుడి ఆఫీసులో పాత కాగితాలేవీ లేవన్నారు. మంత్రి ఆఫీసువాళ్లు అలాంటి ఉత్తరమేదీ అందలేదన్నారు. రస్ సొంత నంబరు మోగీ మోగీ ఆగిపోయేది. రస్ మరిచిపోయాడో, మనసు కష్టపెట్టుకున్నాడో, అసలు మొదటినుంచీ రాసే ఉద్దేశమే లేదో లెస్‌కు ఈనాటికీ తెలియదు. మూడోదే నిజమైతే బావుణ్ణనుకుంటాడు. అప్పుడు తప్పు తనది కాకుండా పోతుంది.

టెగన్ ఇంకో నెల లాగి, ఇంక వల్లకాక, స్నేహితురాలి గదిలోకి మారింది. ఇక లెస్ వారానికి మూడుసార్లు తెల్లవారకముందే బయల్దేరి, చీకటి పడ్డాక తిరిగి రావడం మొదలైంది. శీతాకాలం. దీపాలు లేని రోడ్డు మీదికి కంగారూలు దూకేవి. దారి పొడవునా డల్సీ ఒళ్లో గిన్నె పెట్టుకుని వాంతి చేసుకునేది. అక్కడ నడి చలికాలమైన జులైలో ఒక ఉదయం ఆమె మంచం దిగలేదు.

“చాలు లెస్. ఆ కారు మళ్లీ ఎక్కలేను.”

“ఇల్లమ్మేద్దాం. అడిలైడ్‌లోనే ఏదో ఒకటి చూసుకుందాం.”

“ఈ ఊళ్లో ఈ ఇల్లెవరు కొంటారు? నన్ను వదిలెయ్.”

శుద్ధి మానుకోవడం ఆమె హక్కని డాక్టరు చెప్పాడు. చాలా సౌమ్యంగా చెప్పాడు. టెగన్ సెలవు పెట్టి వచ్చి తల్లి పక్కనే పడుకుంది. రెండు వారాలు కూడా పట్టలేదు.

అంత్యక్రియల తర్వాత క్లబ్బు హాల్లో టీ ఇచ్చారు. పెనం దగ్గర వరసలో నిలబడ్డవాళ్లలో చాలామంది వచ్చారు. వాళ్లలో ఒకడు లెస్ చెయ్యి పట్టుకుని, డల్సీ చాలా మంచిదన్నాడు. చెయ్యి వదలకుండానే, “ఆ రోజు మాత్రం భలే అడిగావయ్యా,” అన్నాడు. లెస్ అతనికి థాంక్స్ చెప్పాడు.

ఆ అప్పు రోగి పేరున ఉండేది. రోగి పోయింది గనుక భర్త పేరుకు మార్చారు. లెస్ వృద్ధాప్య పింఛనులోంచి పక్షానికి ఇరవై డాలర్ల చొప్పున కడుతున్నాడు. ఇంకా ఏడువేల మూడువందల డాలర్లు బాకీ ఉంది.