లేని కాళ్లు

ఎల్లారెడ్డిలో ఏ బర్రె ఈనలేక అవస్థపడినా ఒకప్పుడు తాజుద్దీన్ కోసమే పరుగెత్తేవారు. అతని చేతికి అంత పేరు. అలాంటి మనిషి ఎనభై ఆరులో గల్ఫ్ నుంచి వచ్చాక ఎవరి కొట్టంలోనూ కాలు పెట్టనని మొండికేశాడు.

"నాతోని కాదు. కామారెడ్డి డాక్టర్ను పిలుచుకోండ్రి" అని కస్సుమనేవాడు.

కారణం చెప్పలేదా అంటే, వచ్చిన కొత్తలోనే చెప్పాడు. అక్కడ సముద్రం ఒడ్డున చేపలు మోసే పని అతనిది. ఒకరోజు లోతు లేని నీళ్లలో ఒక డాల్ఫిన్ చిక్కుకుని కొట్టుకుంటోంది. కాన్పు అడ్డం పడింది, పిల్ల తోక ఒక్కటే బయటికి కనిపిస్తోంది. బర్రెకు అలా తోకే కనబడితే దుడ్డెను లోపలికి నెట్టి, మడతపడిన వెనక కాళ్లు వెతికి పట్టి గుంజాలి. తాజుద్దీన్ అదే చేశాడు. నెట్టాడు, వెతికాడు, ఎంత వెతికినా కాళ్లు దొరకలేదు. దొరకడానికి ఉంటేగా! చివరికి పిల్ల దానంతటదే జారింది, చచ్చి. ఈ జాతి పిల్ల తోకతోనే పుడుతుందని, దీనికి కాళ్లే ఉండవని తోటి మలయాళీ కూలీ నెత్తి కొట్టుకున్నాడు. అది ముందే చచ్చిందో, తన చేతిలో చచ్చిందో చెప్పే దిక్కు లేదు. నీళ్లు పెరిగాక తల్లి ఆ చచ్చినదాన్నే మూతితో పైకి ఎత్తుకుంటూ లోపలికి వెళ్లిపోయింది.

ఇది చెబితే ఊళ్లోవాళ్లు పడీ పడీ నవ్వారు.

"చేపకు కాళ్లు దేవులాడిండట!"

చేప కాదురా నాయనా, పాలిచ్చేది అంటే ఇంకా నవ్వారు. వాళ్లు తిట్టినా అతనికి ఇంత మంట ఉండేది కాదు.

ఇవాళ పక్కింటి పోచవ్వ ఏడుస్తూ వచ్చింది. ఉన్న ఒక్క బర్రె పడిపోయింది.

"తోక ఒక్కటే అగుపడుతున్నది బిడ్డా. డాక్టర్ వచ్చేసరికి పొద్దుగూకుతది."

"నేను రాను, పో అవ్వా!"

"నీ చెయ్యి గల్ఫ్‌ల అమ్ముకొచ్చినవా?"

ఆ మాటకు ఒళ్లు మండి, తనను తాను తిట్టుకుంటూనే లేచాడు. పోచవ్వ కొట్టంలో చేతికి నూనె రాసుకుని దుడ్డెను లోపలికి నెట్టాడు. వెతికాడు. గిట్ట తగిలింది, ఇంకోటీ తగిలింది. పట్టి గుంజాడు. దుడ్డె గడ్డి మీద పడి తుమ్మింది. బర్రె లేచి దాన్ని నాకసాగింది.

పోచవ్వ కళ్లు తుడుచుకుంది. "నీ చెయ్యి సల్లగుండ! కాళ్లు ఎంత జల్ది దొరికినయ్ బిడ్డా!"

తాజుద్దీన్ చెయ్యయినా కడుక్కోకుండా గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

"దీనికి ఉన్నయ్ గద అవ్వా" అని భోరుమన్నాడు. "దీనికి ఉన్నయ్."