పదో సంతకం కోసం కుప్పం దాకా

నామినేషన్ల గడువు ఇంకొక్క రోజుందనగా, ఉదయం ఆరున్నరకు మదనపల్లె బస్టాండులో పుంగనూరు బస్సెక్కాను. భుజాన గుడ్డసంచి. అందులో నామినేషన్ పత్రం, రెండు పెన్నులు, నీళ్ల సీసా, దారిలో చదువుకోవడానికి ఒక నవల.

లోక్‌సభకు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడాలంటే ఆ నియోజకవర్గంలో ఓటున్న పదిమంది ప్రతిపాదిస్తూ సంతకాలు చేయాలి. నా దగ్గర తొమ్మిది ఉన్నాయి. పదోది చేస్తానన్న మా వీధి అంగడాయన ముందురోజు సాయంత్రం వెనక్కి తగ్గాడు. "నీ మీద కోపం కాదు పాపా. అంగడి పెట్టుకోనుండా. అన్ని పార్టీలోళ్లూ నా దగ్గరే బియ్యం తీసుకుంటారు. నా పేరొద్దు" అన్నాడు. ఆయన్ని తప్పు పట్టలేకపోయాను.

నేనెందుకు నిలబడుతున్నానో కూడా చెప్పాలి. మా ఊరి పేరున్న రైల్వేస్టేషను మా ఊళ్లో లేదు, కురబలకోట దగ్గరుంది. నేను పనిచేసే కాలేజీ లైబ్రరీలో పోటీ పరీక్షలకు చదివే పిల్లలు ఏ ఊరికి వెళ్లాల్సి వచ్చినా ముందు ఆ స్టేషను చేరడం గురించే మాట్లాడుకుంటారు. రైలు ఊళ్లోకి రావాలని అర్జీలు రాశాను. రాసి రాసి, ఇక ఆ మాట పార్లమెంటులో నేనే అడగాలని నిర్ణయించుకున్నాను. నలుగురిలో నోరు తెరవని పిల్ల ఓట్లెలా అడుగుతుందని అమ్మ బెంగ. నాదీ అదే. ఆ తొమ్మిది సంతకాలూ చుట్టాలవి, తోటి ఉద్యోగులవి. ముఖం తెలియనివాళ్లను నేనింతవరకు ఒక్కరినీ అడగలేదు.

ఏడున్నర దాటాక పుంగనూరులో దిగాను. డిగ్రీలో నా స్నేహితురాలు నాగరత్న పుట్టిల్లు బస్టాండుకు దగ్గరే. కుప్పంలో కాపురం ఉన్నా ఓటు పుంగనూరులోనే ఉందని ఎప్పుడూ చెబుతుండేది. ఆ వారం పుట్టింట్లో ఉంటానంది. వాళ్లమ్మ తలుపు తీసి, "నిన్ననే కుప్పానికి ఎలబారిపోయిందమ్మా. వాళ్లత్తకు జరమంట. నువ్వు ముందు ఇడ్లీ తిను" అంది. తింటూనే ఫోన్ చేశాను.

"ఓటరు కార్డు కూడా ఈడే ఉండాది, నువ్వే రా. సంతకమూ పెడ్తా, సంగటీ పెడ్తా" అంది నాగరత్న.

ఎనిమిదిన్నరకు కుప్పం బస్సు దొరికింది. ఈ దారిన వెళ్లేవాళ్లు కిటికీ సీటు వదులుకోవద్దు. పలమనేరు దాటాక అడవి రోడ్డుకు దగ్గరగా వస్తుంది, గాలి చల్లబడుతుంది. పలమనేరు చేరకముందే నా నియోజకవర్గం అయిపోయింది. మదనపల్లె, పుంగనూరు రాజంపేట లోక్‌సభ స్థానంలోవి. అక్కణ్ణుంచి కుప్పం దాకా చిత్తూరు స్థానం. రోడ్డు మీద గీతేమీ లేదు. అదే ఎర్రమట్టి, అవే టమాటా కట్టెలు.

వెంకటగిరికోటలో బస్సు టీకి ఆగింది. అక్కడెక్కిన రామకుప్పం రైతొకాయన నా పక్కన కూర్చుని, "యాడికమ్మా?" అన్నాడు.

"ఫ్రెండ్ ఇంటికండీ" అన్నాను. ఎన్నికల సంగతి చెప్పలేదు.

ఎదురుగా ఒక పార్టీ ప్రచారం జీపు పోతుంటే ఆయనే అందుకున్నాడు. "మా ఊర్లో ఇంటింటికీ తిరిగేది ఏనుగొకటేనమ్మా. లీడర్లు రోడ్డు మీద నుంచే దండం పెట్టి పోతారు. ఏనుగు అట్ల కాదు, పెరట్లోకొచ్చి రాగిసేను అంతా తిని, నింపాదిగా పోతాది."

నవ్వాను. ఇంకేదైనా అడుగుతాడేమోనని నవల తెరిచి తలొంచుకున్నాను.

కుప్పం చేరేసరికి పదకొండున్నర. స్టేషను దగ్గరి వీధిలో నాగరత్న గుమ్మంలోనే కార్డు పట్టుకుని నిలబడి ఉంది. సంతకం పక్కన ఓటరు జాబితాలోని భాగం సంఖ్య, వరుస సంఖ్య రాయాలి. వాటి కోసం కార్డు నంబరు ఫోన్లో కొట్టాను. పేరు వచ్చింది. దాని కింద నియోజకవర్గం కుప్పం అని ఉంది. మళ్లీ కొట్టాను. మళ్లీ అదే.

లోపల్నించి వాళ్లాయన వచ్చి తొంగిచూశాడు. "అది నేనే మార్పించినా. గవర్నమెంటు ఇంటి జాగా రావాలంటే ఇద్దరి ఓట్లూ ఈడే ఉంటే మేలని ఎవరో సెప్పినారు. ఆన్‌లైన్లో పెట్టేసినా."

"నా ఓటు యాడుండాదో నాకు సెప్పల్లేదా?" అంది నాగరత్న.

"సెప్పేదానికి ఏముండాది అందులో? సిమ్ కార్డు మార్చినట్టే గదా."

"అయితే ఈసారి నీ ఓటు నేను మారుస్తా, యాడికి పోయిందో నువ్వు ఎతుక్కో."

ఆయన నవ్వబోయి ఆమె ముఖం చూసి మానేశాడు. సంగటి, వంకాయ పులుసు పెట్టింది నాగరత్న. రుచి తెలియలేదు. గేటు దాకా వచ్చి, "ఇప్పుడు ఎవర్ని అడుగుతావు?" అంది.

"తెలిసినవాళ్లు అయిపోయారు" అన్నాను.

ఒంటిగంటన్నరకు మదనపల్లె బస్సు. దారి పొడవునా ఒకే లెక్క వేసుకున్నాను. పలమనేరు దాకా ఎక్కేవాళ్లలో ఎక్కువమంది ఓట్లు నాకు పనికిరావు. పలమనేరులో ఎక్కి పుంగనూరులో దిగేవాళ్లవి పనికొస్తాయి. రేపు మధ్యాహ్నం మూడింటికి గడువు. ఈ బస్సులో అడగకపోతే ఇంటికెళ్లి అమ్మకు, అయిపోయింది అని చెప్పుకోవాలి. పలమనేరులో బస్సు నిండింది. ఊరి చివరి ఇళ్లు దాటగానే కమ్మీ పట్టుకుని లేచి నిలబడ్డాను.

"ఈడ స్టాపింగ్ లేదు పాపా, కూర్చో" అన్నాడు కండక్టరు. బస్సంతా నవ్వింది. ఆ నవ్వులోనే మాట బయటికొచ్చింది.

"దిగడానికి కాదన్నా. నేను ఎంపీకి నిలబడుతున్నాను. పుంగనూరులో గానీ మదనపల్లెలో గానీ ఓటున్నవాళ్లు ఒక సంతకం చేయాలి."

"ఏ పార్టీ?" అన్నారెవరో.

"ఏదీ కాదండీ. ఇండిపెండెంటు."

"సంతకమా! మా బామ్మర్దికి జామీను పెట్టి ఇప్పటికీ బ్యాంకు సుట్టూ తిరగతాండాను" అన్నాడు ముందు సీటాయన. ఇది జామీను కాదని, నేను ఓడినా ఎవరూ వాళ్ల ఇంటికి రారని చెప్పాను. రైలు సంగతీ చెప్పాను.

కిటికీ పక్కన తలగుడ్డ చుట్టుకున్న పెద్దాయన నా వైపు తిరిగాడు. "రైలొస్తాది సరే. నా సేను మీదనే వస్తే? అప్పుడు యాడుంటావు నువ్వు?"

దీనికి జవాబు నేనెక్కడా చదవలేదు. "నాకు తెలియదు పెద్దాయనా. కొలవడానికి వచ్చేముందు మీ ఊరికొచ్చి మిమ్మల్ని అడగాలని పార్లమెంటులో గట్టిగా అడుగుతాను. వద్దంటే వద్దన్నారనే చెబుతాను" అన్నాను.

ఆయన సంతకం చేస్తాననలేదు. "సూద్దాం" అని కిటికీ వైపు తిరిగాడు.

అంతలో వెనక సీట్లోంచి, "నాది వేలిముద్రమ్మా. పనికొస్తాదా?" అని వినిపించింది. కొత్తిమీర మూటల మధ్య ఒకామె కూర్చుని ఉంది, పేరు మునెమ్మ. వెంకటగిరికోట మార్కెట్లో కొని పుంగనూరులో అమ్ముతుందట. నడుముకున్న సంచిలోంచి ఓటరు కార్డు తీసిచ్చింది. ఈసారి ముందు నంబరు కొట్టి చూశాను. పుంగనూరు.

"పనికొస్తుందక్కా. కానీ వేలిముద్ర ఆ ఎన్నికల అధికారి ముందరే వేయాలి. రేపు నామినేషన్ వేయడానికి నాతో రాయచోటికి రావాలి."

"రేపు యాపారం పోతాదే" అని గొణిగి, కాసేపు మూటల వైపు చూసింది. "ఇన్ని ఎలచ్చన్లు సూసినా గానీ ఓటెయ్యమన్నోళ్లే, నువ్వు రా అన్నోళ్లు లేరు. ఈ కట్టలు మా తోడికోడలికి అప్పజెప్తా. ఎన్నింటికి?"

"ఏడింటికి, మదనపల్లె బస్టాండు."

"నిద్రపోతావేమో, నేనే ఫోను సేస్తా. నంబరియ్యి."

పుంగనూరులో మునెమ్మ దిగింది, పెద్దాయనా దిగాడు. వాళ్ల సీట్లలో కొత్తవాళ్లు కూర్చున్నారు. పొద్దున ఇదే దారిన తలొంచుకుని వచ్చాను. ఇన్ని ఊళ్లు దాటి తిరిగొస్తూ తెలుసుకున్నది ఒకటే. బస్సులో పక్కనున్న మనిషి నేను భయపడినంత దూరం మనిషి కాదు. వెక్కిరిస్తాడు, నిలదీస్తాడు, కానీ వింటాడు.

మదనపల్లె ఇంకా గంట దూరముంది. పుంగనూరులో ఎక్కిన ఈ బస్సెడు జనంలో చాలామంది ఓట్లు మా నియోజకవర్గంలోనివే. కండక్టరు టిక్కెట్లు ముగించుకుని వచ్చి, "నీ సీటు ఖాళీగానే ఉండాది గదా, కూర్చో పాపా" అన్నాడు.

"కూర్చుంటానన్నా. వీళ్లను ఓటు అడిగేశాక" అని ముందు సీటు వైపు నడిచాను.